చవదార్ చెరువు నుంచి ఛోక్రా నాలా దాకా

(రాయపూర్‌లో బుద్ధ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)  

ఈ సభలో మాట్లాడేవారు సాధారణంగా సిర్పూర్‌ను గూర్చి మాట్లాడుతారు. మాకూ అది ఇష్టమైన విషయమే. మహానది ఒడ్డున, మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభు అనే భిక్షువు కట్టించిన విహారం ముందు నిలబడినప్పుడు, ఈ నేల మనకు పరాయిది కాదన్న ధైర్యం కలుగుతుంది. 7వ శతాబ్దంలో కోసల దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్, ఆచార్య నాగార్జునునికి శాతవాహన రాజు ఈ దేశంలోనే విహారం కట్టించాడని విని వ్రాసుకొన్నాడు. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయిన తరువాత పొట్ట చేతబట్టుకొని ఆ దారిన వచ్చిన మన తాతలకంటె ఎన్నో శతాబ్దాల ముందే నాగార్జునుడు వచ్చాడని చెప్పుకోవడం మనకు గర్వంగానే ఉంటుంది.

అయితే ఈసారి మేము ఎన్నుకొన్నది సిర్పూర్ కాదు, మురుగు కాలువ. పండుగ పూట ఇదేమి మాట అని కార్యవర్గంలో ఒకరిద్దరు నొచ్చుకొన్నారు. పండుగ పూటే ఎందుకు చెప్పవలసి వచ్చిందో మొదట మనవి చేస్తాము.

నిరుడు ఇదే పూర్ణిమ నాడు ఇదే ఆవరణలో సుమారు ఆరువందల మందికి భోజనం పెట్టాము. పళ్ళేలు థర్మాకోల్‌వి. గ్లాసులు ప్లాస్టిక్‌వి. 2022 జూలై 1 నుంచి ఇటువంటి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలూ గ్లాసులూ దేశమంతటా నిషేధింపబడ్డాయి. ఆ సంగతి మనకు తెలియక కాదు. చౌకగా దొరికాయి గనుక తెచ్చాము. రాత్రి ఎనిమిది గంటలకు ఎంగిలి పళ్ళేలన్నీ పెద్ద పెద్ద సంచుల్లో కట్టి, అరటి కాండాలతో, వాడిపోయిన పూలతో, వంగిపోయిన బ్యానరుతో సహా ఒక ట్రాక్టరుకు ఎక్కించాము. "ఎక్కడ వేస్తావు?" అని ఆ ట్రాక్టరు మనిషిని మనలో ఎవ్వరూ అడగలేదు. మూడువందల రూపాయలు ఇచ్చి, ఆవరణ శుభ్రమైందని సంతోషించి, ఇళ్ళకు వెళ్ళాము.

నెల తిరిగేసరికి మొదటి పెద్ద వాన కురిసింది. మన పేట వెనుక పారే నాలా కల్వర్టు దగ్గర మూసుకుపోయి, దిగువ వీధిలోని ఇళ్ళలోకి నీరు ఎక్కింది. పదకొండు ఇళ్ళు. ఒక ఇంట్లో బియ్యం డబ్బా తేలింది. ఒక ఇంట్లో పరీక్ష పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. జేసీబీ వచ్చింది గాని ఇరుకు సందులో దాని చేయి కల్వర్టు దాకా అందలేదు. చివరకు ఒక మనిషిని గునపం ఇచ్చి నాలాలోకి దింపారు. నడుము లోతు నీటిలో నిలబడి అతడు బయటికి లాగిన సంచుల్లో నాలుగైదు మనవి. మనవని ఎలా తెలిసిందంటే, వాటితోపాటు మన బ్యానరూ వచ్చింది. దానిపై మన సంఘం పేరు ఉన్నది. పంచశీల పతాకపు రంగులు మురుగులో కూడా పోలేదు.

ఆ దిగిన మనిషి ఇక్కడ మన మధ్య కూర్చొని ఉన్న ఒక ఉపాసిక గారికి అన్న కొడుకు. ఆమె అనుమతితోనే ఈ మాట చెబుతున్నాము. ఆమె ఆ రోజు మాతో అన్నది ఒకే మాట: "అన్నా, మీరు తిన్న పళ్ళేలు మావాడు తీశాడు."

ఆ నాలా ఎక్కడికి పోతుందో మాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. చెబుతాము. మన పేట కాలువ ఛోక్రా నాలాలో పడుతుంది. ఛోక్రా నాలా రాయపూర్ మురుగును మోసుకొనిపోయి ఖారున్ నదిలో కలుపుతుంది. ఖారున్ సోమనాథ్ వద్ద శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది. ఆపైన హీరాకుడ్ జలాశయం, సంబల్పూర్, కటక్, తూర్పు సముద్రం. సిర్పూర్ మహానదికి ఎగువన ఉన్నది గనుక మన పళ్ళేలు ఆనందప్రభు విహారం ముందునుంచి పోవు. ఆ మాత్రం మర్యాద నది మనకు మిగిల్చింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. రాయపూర్ త్రాగే నీరు కూడా ఖారున్‌దే. భాటాగావ్ వద్ద ఆనకట్ట కట్టి నీరు తీసుకొంటారు. వేసవిలో నది సన్నబడితే గంగ్రేల్ జలాశయం నుంచి కాలువ ద్వారా నీరు తెప్పిస్తారు. అంటే ఈ నగరం త్రాగే నీటిని ఎగువన తీసుకొంటుంది, ఛోక్రా నాలా తెచ్చే మురుగును దిగువన విడుస్తుంది. దిగువన ఉన్నవారు పల్లెల వారు. ఎగువ, దిగువ అనే మాటలు మనకు క్రొత్త కాదు. ఊరికి ఎగువన ఎవరి బావి ఉండేదో, దిగువన ఎవరి గుంట ఉండేదో మన తాతలు చెప్పగా విన్నాము. మన చెత్తను మనమే ఒక దిగువ వీధికి, ఒక దిగువ పల్లెకు పంపుతున్నామని తెలిసినప్పుడు మాకు కలిగిన కలవరం ఇంకా తగ్గలేదు.

వాన వెలిసిన తరువాతి ఆదివారం సంఘం సమావేశమైంది. యువకులు కొందరు ఉత్సాహంగా, "ప్రతి ఆదివారం మనమే నాలా శుభ్రం చేద్దాం, శ్రమదానం చేద్దాం" అన్నారు. చప్పట్లు కూడా మోగాయి. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయన గొంతు వణికింది. "బాబూ, మా అయ్య చేతిలో నేను చీపురు చూసినాను. నా చేతిలో అది ఉండకూడదనే మా అయ్య నన్ను బడికి పంపినాడు. నేను నా పిల్లల్ని పంపినాను. బాబాసాహెబు మనకు దీక్ష ఇచ్చింది మళ్ళీ చీపురు పట్టుకోడానికా? ఊరంతా పోసిన కంపు ఊరు ఎత్తుకోదు గాని, మనం ఎత్తుతామా?"

సభ నిశ్శబ్దమైపోయింది. ఆ మాటకు ఆనాడు మా దగ్గర జవాబు లేదు. తరువాత రెండు నెలలు దానిమీదే ఆలోచించాము, చదివాము, పోట్లాడుకొన్నాము. ఈ ప్రసంగం ఆ పెద్దాయనకు మేమిచ్చే జవాబు. పూర్తి జవాబు అని అనలేము.

మొదట ఒప్పుకోవలసింది, ఆయన చెప్పింది సగానికి పైగా నిజం. ప్రతి అక్టోబరు 2న వీధుల్లో పెద్దమనుషులు చీపుర్లు పట్టి ఛాయాచిత్రాలు తీయించుకోవడం చూస్తున్నాము. చీపుర్లు కొత్తవి, రోడ్డు అప్పటికే ఊడ్చినది. తెల్లవారుజామున ఊడ్చిన మనిషి ఆ ఛాయాచిత్రంలో ఉండడు. చెత్త వేయడం ఒకరి స్వేచ్ఛగా, ఎత్తడం ఇంకొకరి పుట్టుకగా ఏర్పాటు చేసిన సమాజమిది. అందులో శ్రమదానం అనే పేరుతో ఎత్తేవారి వరుసలోకి మనం మళ్ళీ దూరడం వల్ల ఆ ఏర్పాటు చెక్కుచెదరదు.

ఇక్కడ మహాడ్‌ను తలచుకోవాలి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బోలే తీర్మానాన్ని ఆమోదించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును తెరిచినట్లు తీర్మానించింది. కాగితం మీద తెరుచుకొన్న చెరువు నేల మీద మూసే ఉన్నది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీటిని త్రాగారు. ఆ నీరు త్రాగకపోతే చచ్చిపోతామని కాదు, మనమూ మనుషులమేనని నిరూపించడానికి. ఇదంతా మీకు తెలిసిన కథే. తరువాత జరిగినదాని మీద మేము ఇంతకుముందు అంతగా మనసు పెట్టలేదు. మనవారు తాకినందువల్ల చెరువు మైలపడిందని అక్కడి అగ్రవర్ణాలవారు శుద్ధి చేశారు. నూట ఎనిమిది కుండల నీరు చెరువులోంచి తోడి, ఆ నీటిలో ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదివి తిరిగి చెరువులో పోశారు. పిదప వ్యాజ్యం పదేళ్ళు నడిచి, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో మనవారు గెలిచారు.

దోసిలి పెట్టిన మనిషి చేయి మైల. పేడా మూత్రమూ శుద్ధి. కంటికి కనబడే మురికికీ, మనసు కల్పించుకొన్న మైలకూ మధ్య ఈ దేశంలో ఎంత దూరం ఉన్నదో ఆ నూట ఎనిమిది కుండలు చెబుతాయి. ఈ తేడా తెలుసుకొన్నవారే ధమ్మంలోకి వచ్చారు. అటువంటి మనం కంటికి కనబడే మురికిని నాలాలో వదిలి, ఆవరణ శుభ్రమైందని ఎలా అనుకొన్నాము?

భగవానుడు ఈ విషయంలో ఏమి చెప్పాడని భంతే గారిని అడిగాము. ఆయన మమ్మల్ని వినయపిటకం చదవమన్నారు. నిజానికి మాలో చాలామంది ధమ్మపదం చదివినవారే గాని వినయం భిక్షువుల వ్యవహారమని దాని జోలికి పోనివారు. భిక్షువుకు ఉండవలసిన ఎనిమిది పరికరాలలో ఒకటి పరిస్సావనం, అంటే నీటిని వడకట్టుకొనే గుడ్డ. మూడు చీవరాలు, పాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, వాటితోపాటు ఇదీ. దీని వెనుక ఒక కథ ఉన్నది. ఇద్దరు భిక్షువులు కోసలలో ప్రయాణం చేస్తున్నారు. అది మన దక్షిణ కోసల కాదు, శ్రావస్తి ఉన్న ఉత్తర కోసల. అందులో ఒకరు అనుచితంగా ప్రవర్తిస్తే రెండవవారు మందలించారు. మొదటివారు పగబట్టారు. దారిలో రెండవవారికి దాహమై, నీటిని వడకట్టే గుడ్డ కొంచెం ఇమ్మని అడిగారు. పగబట్టినవారు ఇవ్వలేదు. వడకట్టని నీరు త్రాగరాదన్న నియమానికి కట్టుబడి, దాహంతో ఆ భిక్షువు మరణించారు. భగవానుడు ఆ సంగతి విని, ప్రయాణంలో ఉన్న భిక్షువు అడిగినప్పుడు వడగుడ్డ ఇవ్వకపోవడం దోషమన్నాడు. వడగుడ్డ లేకుండా ప్రయాణం చేయరాదన్నాడు. లేకపోతే చీవరపు కొంగుతోనైనా వడకట్టుకోమన్నాడు.

ఈ కథ మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. నీటిలోని కంటికి ఆనని పురుగును కూడా చంపకూడదని ఒక మనిషి ప్రాణం వదలడం అతిశయమని మాలో ఒకరు వాదించారు. వాదన జరగనీయండి. భగవానుడు చేసిన నిర్ణయం చూడండి. ఆయన చనిపోయినవారిని పొగడుతూ కూర్చోలేదు, ఇవ్వనివారిని గూర్చి నియమం చేశాడు. నీటి విషయంలో పక్కవాడి పట్ల చేసిన పనిని దోషమన్నాడు.

ఇంకొక నియమం ఇంకా సూటిగా ఉన్నది. సేఖియ నియమాలలో చివరిది: జబ్బుపడిన సందర్భంలో తప్ప భిక్షువు నీటిలో మలమూత్రాలు విసర్జించరాదు, ఉమ్మరాదు. దాని ముందరిది పచ్చని మొక్కల మీద చేయరాదని. రెండున్నర వేల ఏళ్ళనాటి ఈ నియమంలో నది దేవత అని గాని, నీరు పవిత్రమని గాని ఒక్క మాట లేదు. అసలు నదీస్నానంతో పాపాలు పోతాయన్న నమ్మకాన్ని ధమ్మం అంగీకరించలేదు. థేరీగాథలో పుణ్ణిక ఉన్నది. అనాథపిండికుని ఇంట నీళ్ళు మోసే దాసి. చలికాలంలో వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి ఆమె ప్రశ్నించింది: స్నానంతోనే ముక్తి వస్తే కప్పలూ తాబేళ్ళూ మొసళ్ళూ ముందే స్వర్గానికి పోయి ఉండాలి కదా అని. నీళ్ళు మోసే మనిషికి నీళ్ళను గూర్చి భ్రమలు ఉండవు.

మేము ఒక మాట సాహసించి చెబుతాము. నది పవిత్రమని నమ్మినవారికి ఒక ప్రమాదం ఉన్నది. పవిత్రమైనది ఎన్నటికీ మురికి కాదు గనుక, అందులో ఏది వేసినా ఫరవాలేదనిపిస్తుంది. మహాదేవ్ ఘాట్ దగ్గర పండుగల తరువాత చూడండి, పాలిథిన్ సంచితో సహా పూజాపుష్పాలు వదులుతారు. ఆ నమ్మకం లేని మనకు ఆ సాకు లేదు. నిమజ్జనాలు మనవి కావని చేతులు దులుపుకొన్నాము గాని, మన ట్రాక్టరు వెళ్ళింది కూడా ఆ నీటికే. పూల మాట వచ్చింది గనుక మరొక పేరు: సునీత థేరుడు. వాడిన పూలు ఎత్తిపోసే పనిలో బ్రతికి, రాజగృహ వీధిలో భగవానుణ్ణి చూసి ప్రక్కకు ఒదిగి నిలబడ్డవాడు. భగవానుడు అతనికి ప్రవ్రజ్య ఇచ్చి సంఘంలోకి తీసుకొన్నాడు. ఆ పూల గంప తీసుకొనేందుకు వేరొక సునీతుణ్ణి వెదకమని ఆయన చెప్పలేదు.

మన సొంత ప్రాంతపు సంగతి ఒకటి. విశాఖ, భీమిలి మధ్య సముద్రం వైపు చూసే రెండు బౌద్ధ క్షేత్రాల పేర్లు బావికొండ, తొట్లకొండ. స్తూపాలను బట్టి గాని, రాజులను బట్టి గాని ఆ కొండలకు పేర్లు రాలేదు. బావులను బట్టి, రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి వచ్చాయి. భిక్షువులు ఎవరో, వారి ధమ్మమేమిటో ఆ చుట్టుపక్కల జనం మరిచిపోయిన తరువాత కూడా, వారు నీటిని ఎలా దాచుకొన్నారో మాత్రం ఊరి జ్ఞాపకంలో మిగిలింది. మన విహారం పేరు మన వెనుక నాలాను బట్టి ఊరు గుర్తుపెట్టుకొంటే ఎలా ఉంటుంది?

ఇక నాలాలో పడిన చెత్త ఏమి చేస్తుందో క్లుప్తంగా. మాంసం దుకాణాల వ్యర్థాలు, కూరగాయల కుళ్ళు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. నీరు నల్లబడి కంపు కొట్టేది అందుకే. పాలిథిన్ సంచులు కల్వర్టు కన్నులను మూస్తాయి. రాత్రిపూట ట్రాక్టర్లు తెచ్చి కుమ్మరించే ఇళ్ళ శిథిలాలు, ఇక్కడివారు మల్బా అంటారు, నాలా అడుగును పైకి లేపుతాయి. అడుగు లేస్తే వాననీరు వీధిలోకి వస్తుంది. నిమోరా, చందనీడీహ్, కారాలలో మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు, మంచిదే. అయితే ఏ శుద్ధి కేంద్రంలోనైనా మురుగు మొదట ఇనుప కడ్డీల జల్లెడ దాటాలి. మనం వేసిన పళ్ళెం ఆ కడ్డీలకు అడ్డం పడుతుంది. దాన్ని తీయడానికి మళ్ళీ ఎవరో ఒకరు కావాలి.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఈ నగరపు బస్తీలలో కామెర్లు ప్రబలిన సంగతి మీలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. 2014లోనూ ప్రబలాయి. త్రాగునీటి గొట్టాలు మురుగు కాలువల గుండా పోవడం, వాటికి చిల్లులు పడడం కారణమని అప్పుడు బయటపడింది. కాలువ పూడి మురుగు నిలిచిన చోట గొట్టానికి చిల్లు ఉంటే, ఆ మురుగు కొళాయికి రావడానికి ఎంతో కాలం పట్టదు. మూసుకొన్న కాలువ వాన వచ్చినప్పుడే కాదు, ఎండ కాసేటప్పుడు కూడా ఇంట్లోకి వస్తుంది.

చట్టాలు లేవా అంటే చాలా ఉన్నాయి. ప్రజలు వాడే నీటిని కలుషితం చేయడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరంగా ఉండేది. 1974 జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షను వాగులలో, బావులలో కలుషిత పదార్థం వేయడాన్ని నిషేధించింది. 2016 ఘన వ్యర్థాల నియమాలు ఇంటి చెత్తను వీధిలో, కాలువలో, నీటివనరులలో వేయరాదన్నాయి. 2013 చట్టం మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించడాన్ని, రక్షణ సాధనాలు లేకుండా మురుగు గొట్టాలలోకి దింపడాన్ని నేరం చేసింది. మురుగు గుంటలలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పోరాటాన్ని సఫాయి కర్మచారీ ఆందోళన్ ద్వారా నడిపించినవారిలో ముందున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనులలో పుట్టిన తెలుగు బిడ్డ. ఆయన కుటుంబం ఆ గనుల పేటలో పాకీపని చేసిన కుటుంబమే. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు మనమంతా మిఠాయిలు పంచుకొన్నాము. ఆ మిఠాయి డబ్బాలు ఎక్కడ పారవేశామో మాకు గుర్తు లేదు.

పెద్దాయన ప్రశ్నకు తిరిగి వస్తాము. రెండు నెలల చర్చ తరువాత సంఘం నిర్ణయించినది ఇది. మనవారు ఎవ్వరూ నాలాలో దిగరు. శ్రమదానం పేరుతో కూడా దిగరు. పూడిక తీయడం యంత్రాల పని, ఆ యంత్రాలను పంపడం పన్ను కట్టించుకొనేవారి పని. ఆ పని జరిగేదాకా వ్రాతపూర్వకంగా అడుగుతూనే ఉంటాము. ఎవరినైనా చేతికి తొడుగులు లేకుండా, కాలికి బూట్లు లేకుండా దింపుతుంటే అక్కడికి వెళ్ళి నిలబడి ఆపించాలి, వెంటనే ఫిర్యాదు వ్రాయాలి. దీనికి పెద్దాయన ఒప్పుకొన్నారు.

కాని మన చెత్త మన చేతిలోనే ఉండాలన్న రెండవ భాగానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం కూడా చీపురు పనేనన్నారు. అప్పుడు ఆయన కోడలు, అంగన్‌వాడీలో పనిచేసే ఉపాసిక, "మామయ్యా, మన ఎంగిలి మనం తీసుకుంటే అది కులపు పని ఎలా అవుతుంది? మన ఎంగిలి ఇంకొకడు తీస్తేనే కదా" అన్నది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సరే, అయితే ముందు ఆఫీసర్లు తియ్యాలి" అన్నారు. ఆ షరతును మేము తీర్మానంలో వ్రాసుకొన్నాము.

అంబికాపూర్‌ను చూసి రావాలని కొందరం వెళ్ళాము. మన రాష్ట్రంలోనే ఉత్తరాన ఉన్న ఆ ఊరిలో మహిళా సంఘాల సభ్యులు ఇంటింటా తిరిగి చెత్త సేకరించి, కేంద్రాలలో రకరకాలుగా వేరు చేసి అమ్ముతారు. ఊరి చెత్తకుప్ప ఉన్న చోట తోట వేశారు. 2019లో కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి భోజనం పెట్టే కేఫ్ కూడా తెరిచారు. మెచ్చుకోదగినదే. అయితే ఇంట్లో వేరు చేయని చెత్తను ఆ స్త్రీలే మళ్ళీ చేతులతో వేరు చేయవలసి వస్తుంది. ఇంట్లో ఒక నిమిషం పట్టే పని వారికి గంటలు పడుతుంది. మేము తిరిగి వచ్చి మన విహారంలో రెండు డబ్బాలు పెట్టాము. మొదటి నెల రెండింటిలోనూ అన్నీ వేశారు. ఇప్పుడు కొంత నయం. వీధిలో రాత్రిపూట వచ్చే ట్రాక్టర్ల సంగతిలో మాత్రం మేము పెద్దగా సాధించింది లేదు. రెండుసార్లు అడ్డుకొన్నాము, వారు ఇంకొక మలుపు దగ్గర కుమ్మరించి పోయారు. అక్కడ కూడా ఒక వీధి ఉన్నది, అక్కడ కూడా మనవారే ఉన్నారు. ఇది ఒక్క సంఘంతో అయ్యే పని కాదు. పక్క వీధి కమిటీలను, మన సంఘంతో సంబంధం లేనివారిని కూడా కలవవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే, ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నా వారితో మాట్లాడటం ఇదే మొదలు.

బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుని గృహత్యాగానికి కారణంగా రోహిణీ నదిని చెప్పారు. రోగి, వృద్ధుడు, శవం అనే కథను ఆయన అంగీకరించలేదు. శాక్యులకు, కోలీయులకు రోహిణి నీటి మీద తగవు వచ్చి, శాక్య సంఘం యుద్ధానికి తీర్మానిస్తే, సిద్ధార్థుడు ఒప్పుకోక ఇల్లు విడిచాడని వ్రాశారు. మన మహానది మీద కూడా ఛత్తీస్‌గఢ్‌కు, ఒడిశాకు తగవు ఉన్నది. 2018 మార్చిలో కేంద్రం ట్రిబ్యునలు వేసింది. ఎంత నీరు అన్నదే ఆ తగవు. ఎటువంటి నీరు అన్నదాని మీద ఎవ్వరూ యుద్ధానికి దిగరు, ఎందుకంటే దాని విషయంలో ఇరువైపులా అపరాధులమే.

మొన్న మాఘంలో మాలో ముగ్గురం ఖారున్ వెంట దిగువకు, ఛోక్రా నాలా కలిసిన చోటికి కింద ఉన్న ఒక పల్లెకు వెళ్ళాము. నది ఒడ్డున ఒక ముసలమ్మ మేకలను తోలుకొస్తున్నది. ఏ ఊరని అడిగింది. రాయపూర్ అని చెప్పాము. ఆమె కోపపడలేదు. నది వైపు చూపించి, "అయితే మీ నీళ్ళే ఇవి" అన్నది. మేకలను మాత్రం నీటికి దిగనివ్వలేదు. ఒడ్డున ఉన్న చేతిపంపు దగ్గరికి తోలుకొనిపోయింది.

ఆలస్యమైంది, ఆకలి వేళ. చివరిగా కార్యవర్గం తరఫున ఒక ప్రకటన. ఈ పూట భోజనం స్టీలు పళ్ళేలలో. నాలుగువందల యాభై పళ్ళేలు అద్దెకు తెచ్చాము, కొన్ని తక్కువ పడవచ్చు. తక్కువ పడితే మోదుగ విస్తళ్ళు ఉన్నాయి, వాటిని తడి చెత్త డబ్బాలోనే వేయండి. నీళ్ళకు ఎవరి చెంబు వారు తెచ్చుకోమని ముందే చెప్పాము. తెచ్చుకోనివారు పక్కవారిని అడగండి. అడిగినవారికి లేదనకండి, వడగుడ్డ కథ ఇప్పుడే విన్నారు. పళ్ళేలు కడిగే వరుస పట్టిక ద్వారం దగ్గర అంటించాము. పెద్దాయన షరతు ప్రకారం మొదటి పేరు అధ్యక్షులవారిది, వారు బ్యాంకులో మేనేజరు. రెండవది మాది. ఆ పట్టికలో పెద్దాయన పేరు మేము వ్రాయలేదు. పొద్దున వచ్చి చూస్తే ఎనిమిదవ వరుసలో వారి చేతివ్రాతతో ఉన్నది.

నమో బుద్ధాయ. జై భీమ్.